సాంకేతిక డాక్యుమెంటేషన్‌లో విభాగాలకు ల్యాండింగ్ పేజీలు రాయడం ఎలా

ఒక సాఫ్ట్‌వేర్‌కు రాసిన డాక్యుమెంటేషన్ పదిహేను ఇరవై పేజీలు దాటిందంటే దాన్ని విభాగాలుగా విడదీయక తప్పదు. ఇన్‌స్టాలేషన్, బ్యాకప్, భద్రత, ఏపీఐ రిఫరెన్స్ వంటి పేర్లతో సైడ్‌బార్‌లో శీర్షికలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని నొక్కగానే తెరుచుకునే మొదటి పేజీయే ఆ విభాగానికి ల్యాండింగ్ పేజీ. చాలా సైట్లలో ఈ పేజీ ఖాళీగా ఉంటుంది, లేదా లోపలి పేజీల పేర్లను వరుసగా పేర్చిన జాబితాగా మిగులుతుంది, అదీ కాకపోతే "ఈ విభాగంలో బ్యాకప్ గురించి తెలుసుకుందాం" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. లోపలి పేజీలన్నీ పూర్తయ్యాక, విడుదల తేదీ దగ్గరపడ్డాక, నింపక తప్పని గడిలాగా దీన్ని నింపేయడమే ఇందుకు ప్రధాన కారణం.

ఈ పేజీకి ఉన్న పని ఒక్కటే. వచ్చిన పాఠకుడు తాను ఏ పేజీకి వెళ్లాలో త్వరగా, సరిగ్గా తేల్చుకోగలగాలి. ఇక్కడ ఎవరూ ఎక్కువసేపు ఉండరు, ఉండాల్సిన అవసరమూ లేదు. కాబట్టి ఇందులో ఏ వాక్యం, ఏ బొమ్మ, ఏ లింకు పెట్టాలన్నా అది పాఠకుడి ఎంపికకు సాయపడుతుందా లేదా అన్నదే కొలమానంగా పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే సూచనలన్నీ ఆ కొలమానం నుంచి వచ్చినవే. ఉదాహరణ కోసం ఒక డేటాబేస్ సర్వర్‌కు చెందిన బ్యాకప్ విభాగాన్ని ఊహించుకుని, చివరిదాకా దాన్నే వాడుకుందాం.

పాఠకులు ఎటునుంచి వస్తారు

సైడ్‌బార్‌లో పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చేవారు పాఠకుల్లో ఒక వర్గం మాత్రమే. సెర్చ్ ఇంజిన్‌లో వెతికి నేరుగా ఇక్కడికి వచ్చేవారు ఉంటారు. ఎక్కడో లోతైన పేజీలో దిగి, అది తమకు కావలసినది కాదని గ్రహించి, పైనున్న బ్రెడ్‌క్రంబ్ లింకు (పేజీ ఏ విభాగం కింద ఉందో చూపే వరుసలోని లింకు) పట్టుకుని ఒక మెట్టు పైకి వచ్చేవారు ఉంటారు. చిరునామా పట్టీలో వెబ్ చిరునామా చివరి భాగాన్ని చెరిపేసి ఎంటర్ నొక్కేవారూ ఉంటారు. ఆ ఫోల్డరుకు పేజీ లేకపోతే వారికి 404 లోపమో, కొన్ని సర్వర్లలో 403 నిషేధ సందేశమో ఎదురవుతుంది. సాంకేతిక సహాయ సిబ్బంది ఈమెయిల్‌లో పంపిన లింకు ద్వారా, సాఫ్ట్‌వేర్‌లోని సహాయం బటన్ ద్వారా వచ్చేవారు కూడా తక్కువేమీ కాదు.

వీరిలో ఎక్కువమంది డాక్యుమెంటేషన్ మొదటి పేజీని చూసి ఉండరని అనుకునే రాయాలి. అంటే పేజీ తనంతట తాను నిలబడగలగాలి. శీర్షికగా ఒట్టి "ఓవర్‌వ్యూ" అని పెట్టడం ఇక్కడే బెడిసికొడుతుంది. సైట్‌లోని ప్రతి విభాగానికీ అదే శీర్షిక పెడితే బ్రౌజర్ ట్యాబ్‌లోనూ, బుక్‌మార్క్‌లలోనూ, సైట్ సొంత సెర్చ్ ఫలితాల్లోనూ ఒకే పేరు పదిసార్లు కనిపిస్తుంది, ఏది దేనిదో తెలియదు. శీర్షికలో విషయం ఉండాలి. "బ్యాకప్, రీస్టోర్" అన్న శీర్షిక "బ్యాకప్ ఓవర్‌వ్యూ" కంటే మెరుగైనది. డేటా పోగొట్టుకున్న మనిషి వెతికే మాట రీస్టోర్ కాబట్టి, ఆ మాట శీర్షికలోనే కనిపించడం అతనికి పెద్ద ఊరట.

అసలు పేజీ అవసరమా

విభాగంలో రెండే పేజీలు ఉంటే వాటికి ల్యాండింగ్ పేజీ రాయడం కంటే ఆ రెండింటినీ కలిపేయడమో, పక్క విభాగంలోకి మార్చడమో మంచిది. పరిచయ వాక్యాలు ఎంత ప్రయత్నించినా కుదరడం లేదంటే, తరచుగా లోపం వాక్యాల్లో ఉండదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పేజీలను "ఇతర అంశాలు", "అధునాతన విషయాలు" వంటి పేర్ల కింద కట్టకట్టి ఉంటారు. అలాంటి విభాగానికి మంచి పరిచయం ఎవరూ రాయలేరు. ఆ ఇబ్బందిని విభజన సరిగా లేదనడానికి సూచనగా తీసుకుని, ముందు విభజననే సరిచేయాలి.

రాయడానికి ముందు ప్రశ్నలు పోగుచేయండి

విభాగంలోని పేజీల జాబితాను ఎదురుగా పెట్టుకుని రాయడం మొదలుపెడితే, చివరికి ఆ జాబితాయే వాక్యాల రూపంలో బయటికి వస్తుంది. అందుకు బదులు పాఠకుల ప్రశ్నలతో మొదలుపెట్టాలి. సహాయ కేంద్రానికి వచ్చిన టికెట్లు (నమోదైన ఫిర్యాదులు, ప్రశ్నలు), సైట్‌లోని సెర్చ్ పెట్టెలో పాఠకులు టైప్ చేసిన మాటల చిట్టా, వినియోగదారుల చర్చల్లో పదేపదే వచ్చే సందేహాలు ఇందుకు మంచి వనరులు. ఇవేవీ అందుబాటులో లేకపోతే సహాయ సిబ్బందిలో ఒకరిని కూర్చోబెట్టి, ఈ విషయం మీద ఫోన్ చేసేవారు మొదట ఏమని అడుగుతారో చెప్పమంటే అరగంటలో మంచి జాబితా తయారవుతుంది.

మన బ్యాకప్ విభాగానికి అలాంటి జాబితా ఇలా ఉండవచ్చు: నిన్నటి డేటాను తిరిగి తెచ్చుకోవడం ఎలా? రోజూ రాత్రి దానంతటదే బ్యాకప్ జరిగేలా పెట్టడం ఎలా? బ్యాకప్ జరుగుతున్నప్పుడు సర్వర్‌ను ఆపాలా? ఒక్క టేబుల్‌ను మాత్రమే తిరిగి తెచ్చుకోవచ్చా? బ్యాకప్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయవచ్చా? పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్ కొత్త వెర్షన్‌లో పనిచేస్తుందా?

ఇప్పుడు ప్రతి ప్రశ్నకు ఎదురుగా దానికి జవాబిచ్చే పేజీ పేరు రాయాలి. ఈ చిన్న పనిలో రెండు విషయాలు బయటపడతాయి. కొన్ని ప్రశ్నలకు పేజీయే ఉండదు. పాత వెర్షన్ బ్యాకప్ గురించిన ప్రశ్న సాధారణంగా అలా అనాథగా మిగిలేదే. కొన్ని పేజీలను ఎవరూ అడిగి ఉండరు. వాటిని తీసేయాలని కాదు గానీ, ల్యాండింగ్ పేజీలో వాటికి పైభాగంలో చోటు అక్కర్లేదు. ప్రశ్నకు జవాబు లేని చోట ఆ లోటును ల్యాండింగ్ పేజీలోనే రెండు వాక్యాలు రాసి పూడ్చాలన్న ప్రలోభం కలుగుతుంది. దానికి లొంగకూడదు. ఎందుకో కింద చెబుతాను.

మొదటి పేరా

పేజీ మొత్తంలో ఎక్కువ శ్రమ పెట్టాల్సిన చోటు ఇదే. ముందుగా, తరచుగా కనిపించే తరహా పేరా ఒకటి చూద్దాం:

"బ్యాకప్ అనేది ప్రతి సంస్థకూ అత్యంత కీలకమైన అంశం. మా శక్తిమంతమైన బ్యాకప్ సౌకర్యం ద్వారా వినియోగదారులు తమ డేటాను సులభంగా, సురక్షితంగా భద్రపరచుకోవచ్చు. ఈ విభాగం బ్యాకప్‌కు సంబంధించిన వివిధ అంశాలను వివరిస్తుంది."

ఈ మూడు వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు, అబద్ధమూ లేదు. అయితే బ్యాకప్ అన్న చోట భద్రత అనో, మానిటరింగ్ అనో పెట్టి చదివినా పేరా చెక్కుచెదరదు. ఒక మాట మార్చితే మరో విభాగానికి అతికిపోయే పేరా ఏ విభాగానికీ చెందనిదే. పైగా సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటికే వాడుతున్న మనిషికి దాని గొప్పతనం చెప్పి ఒప్పించాల్సిన పని డాక్యుమెంటేషన్‌కు లేదు. అదే పేరాను ఇలా రాయవచ్చు:

"డేటాబేస్ పాడైనా, ఎవరైనా పొరపాటున డేటాను తొలగించినా తిరిగి తెచ్చుకోవడానికి బ్యాకప్ ఉపయోగపడుతుంది. ఈ సర్వర్‌లో బ్యాకప్‌ను రెండు విధాలుగా తీయవచ్చు: కమాండ్ ఇచ్చి అప్పటికప్పుడు, లేదా నిర్ణీత వేళల్లో దానంతటదే జరిగేలా. ఇప్పుడే డేటా పోయి ఉంటే నేరుగా రీస్టోర్ పేజీకి వెళ్లండి. మొదటిసారి బ్యాకప్ ఏర్పాటు చేసుకుంటున్నట్లయితే ముందు బ్యాకప్ విధానం ఎంచుకోవడం అన్న పేజీ చదవండి. ఒక సర్వర్‌లోని మార్పులను మరో సర్వర్‌కు ఎప్పటికప్పుడు పంపే రెప్లికేషన్ గురించి ఈ విభాగంలో లేదు. దానికి వేరే విభాగం ఉంది."

ఇందులో మొదటి వాక్యం ఈ సౌకర్యం దేనికో చెబుతుంది. రెండోది లోపలి విషయాల రూపురేఖలను పరిచయం చేస్తుంది; ముందుముందు లింకుల్లో కనిపించబోయే మాటలు పాఠకుడికి ఇక్కడే అలవాటవుతాయి. మూడు, నాలుగు వాక్యాలు ఇద్దరు భిన్నమైన పాఠకులను రెండు దారుల్లో పంపిస్తాయి. డేటా పోయిన మనిషికి బ్యాకప్ రకాల గురించి తెలుసుకునే ఓపిక ఉండదు. అతను మిగిలిన పేజీని చదవకుండానే వెళ్లిపోగలగాలి, ఆ వెసులుబాటు మొదటి పేరాలోనే దొరకాలి.

చివరి రెండు వాక్యాలను చాలామంది రాయరు. ఈ విభాగంలో ఏమి లేదో చెప్పడం ఎందుకని వారి ఉద్దేశం. నిజానికి పక్కపక్కన ఉండి ఒకదానికొకటిగా పొరబడే విషయాలు ప్రతి సాంకేతిక రంగంలోనూ ఉంటాయి. రెప్లికేషన్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకునేవారు ఉంటారు. అయితే రెప్లికేషన్‌లో ఒక చోట జరిగిన తొలగింపు కూడా రెండో చోటికి నకలవుతుంది కాబట్టి అది బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాలేదు. ఆ వివరణ అంతా ఇక్కడ అవసరం లేదు. తప్పు చోటికి వచ్చిన పాఠకుడిని సరైన చోటికి పంపే ఒక్క వాక్యం, ఒక్క లింకు చాలు. అనుమతులకూ లాగిన్‌కూ, లాగ్‌లకూ మెట్రిక్స్‌కూ, కంటైనర్‌కూ వర్చువల్ మెషీన్‌కూ మధ్య ఇటువంటి వాక్యం ఎంతో మేలు చేస్తుంది.

లింకుల వరుస, గుంపులు

లోపలి పేజీలను అక్షరక్రమంలో పెట్టడం రిఫరెన్స్ విభాగాలకే సరిపోతుంది. కమాండ్ పేరో ఫంక్షన్ పేరో ముందే తెలిసిన మనిషి అక్కడికి వస్తాడు కాబట్టి అక్షరక్రమం అతనికి పనికొస్తుంది. మిగిలిన చోట్ల అక్షరక్రమమంటే క్రమమే లేనట్టు. మన విభాగంలో అక్షరక్రమం పాటిస్తే ఎన్‌క్రిప్షన్ పేజీ పైకి, ఆపదలో వెతికే రీస్టోర్ పేజీ దాదాపు అట్టడుక్కి వెళ్తాయి.

వరుసను నిర్ణయించేటప్పుడు రెండు సూత్రాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి: పని జరిగే వరుస, ఎక్కువమంది అడిగే వరుస. ఇన్‌స్టాలేషన్ వంటి విభాగంలో మొదటిది గెలవాలి, ఎందుకంటే అక్కడ రెండో మెట్టు ఎక్కాలంటే మొదటిది దాటాల్సిందే. బ్యాకప్ వంటి విభాగంలో రెండోదే గెలవాలని నా అభిప్రాయం. బ్యాకప్ తీసిన తరువాతే రీస్టోర్ జరుగుతుందన్నది తర్కం, కానీ పేజీకి వచ్చే మనిషి ఆ తర్కం ప్రకారం రాడు.

ఒక పేజీలో ఏడు లింకులకు మించి ఉండకూడదన్న నియమం తరచుగా వినిపిస్తుంది. మనస్తత్వశాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రచురించిన పరిశోధనా పత్రాన్ని దీనికి ఆధారంగా చూపిస్తారు. ఆయన చర్చించినది మనిషి తాత్కాలిక జ్ఞాపకంలో ఒకేసారి ఎన్ని అంశాలను నిలుపుకోగలడన్న విషయం. కళ్లెదుట తెరమీద కనిపిస్తున్న జాబితాను ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కదా. పద్నాలుగు లింకులు ఉన్నా, వాటిని మూడు నాలుగు అర్థవంతమైన గుంపులుగా చేసి, ప్రతి గుంపుకూ స్పష్టమైన ఉపశీర్షిక పెడితే పాఠకుడికి ఇబ్బంది ఉండదు. ఐదే లింకులున్నా వాటి పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటే ఇబ్బంది తప్పదు.

గుంపుల ఉపశీర్షికలు పాఠకుడి పనిని చెప్పాలి. "డేటాను తిరిగి తెచ్చుకోవడం", "బ్యాకప్ తీయడం", "బ్యాకప్ ఫైళ్లను భద్రపరచడం", "లోపాలు, కమాండ్లు" అన్న నాలుగు ఉపశీర్షికలు మన విభాగానికి చక్కగా సరిపోతాయి. డాక్యుమెంటేషన్‌ను ట్యుటోరియల్, హౌటు (ఒక పని చేసే విధానం), రిఫరెన్స్, వివరణ అని నాలుగు రకాలుగా విభజించే డయాటాక్సిస్ పద్ధతి ఇప్పుడు బాగా వ్యాప్తిలో ఉంది. డానియేల్ ప్రోచిడా రూపొందించిన ఆ విభజన పేజీలు రాసేటప్పుడు ఎంతో ఉపకరిస్తుంది. అయితే ప్రతి విభాగపు ల్యాండింగ్ పేజీలోనూ ఆ నాలుగు పేర్లనే ఉపశీర్షికలుగా పెట్టి నాలుగు పెట్టెలు గీయడం మాత్రం యాంత్రికమైన పని. డేటా పోయిన మనిషి తనకు హౌటు కావాలా వివరణ కావాలా అని ఆలోచించడు. అంత పెద్ద డాక్యుమెంటేషన్ ఉన్న కుబెర్నెటీస్ (కంటైనర్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) కాన్సెప్ట్స్, టాస్క్స్, ట్యుటోరియల్స్, రిఫరెన్స్ అన్న విభజనను సైట్ పైస్థాయిలో పెట్టుకుంది; ఒక్కో విభాగం లోపల మాత్రం విషయాన్ని బట్టి గుంపులు ఏర్పడ్డాయి.

ఒకే పనికి రెండు మూడు మార్గాలున్నప్పుడు లింకుల జాబితా కంటే చిన్న పట్టిక బాగా పనిచేస్తుంది. ఎడమవైపు పాఠకుడి పరిస్థితి, కుడివైపు తగిన విధానం, దాని లింకు. "డేటాబేస్ చిన్నది, రాత్రివేళ వాడకం ఉండదు" అన్న వరుసకు ఎదురుగా రోజూ పూర్తి బ్యాకప్. "డేటాబేస్ పెద్దది, మార్పులు కొద్దిగా జరుగుతుంటాయి" అన్న వరుసకు ఎదురుగా వారానికొక పూర్తి బ్యాకప్, మిగిలిన రోజుల్లో మారిన భాగాన్ని మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్. పట్టిక నాలుగైదు వరుసలు దాటుతుంటే అది ప్రత్యేకమైన పేజీ కావాల్సిన విషయమని అర్థం.

ప్రతి లింకుకూ ఒక వివరణ

పేజీ పేరు ఒక్కటే పాఠకుడికి చాలదు. వెబ్‌లో మనుషులు సమాచారాన్ని ఎలా వెతుకుతారో 1990లలో జిరాక్స్ పార్క్ అన్న పరిశోధనా కేంద్రంలో పరిశోధించిన పీటర్ పిరోలీ, స్టువర్ట్ కార్డ్ ఒక ఉపయోగకరమైన భావనను ప్రతిపాదించారు. జంతువు వాసన పట్టి ఆహారం వైపు నడిచినట్టే, మనిషి లింకు దగ్గర కనిపించే మాటలను బట్టి తనకు కావలసినది ఆ వైపు ఉందో లేదో అంచనా వేసుకుంటాడని వారు చెప్పారు. లింకు కింద ఇచ్చే ఒకటి రెండు పంక్తుల వివరణ ఆ అంచనాకు ఆధారం.

"రీస్టోర్: ఈ పేజీ రీస్టోర్ ప్రక్రియను వివరిస్తుంది" అన్న వివరణలో పేరులో లేని సమాచారం ఏదీ లేదు. దానికి బదులు "రీస్టోర్: మొత్తం డేటాబేస్‌ను గానీ, ఎంచుకున్న టేబుళ్లను గానీ బ్యాకప్ ఫైలు నుంచి తిరిగి తీసుకురావడం. ఈ పని జరుగుతున్నంతసేపు సర్వర్ అందుబాటులో ఉండదు" అని రాస్తే పాఠకుడికి రెండు కొత్త విషయాలు తెలుస్తాయి. ఒక్క టేబుల్ కోసం వచ్చినవాడికి తన జవాబు ఇక్కడుందని రూఢి అవుతుంది. సర్వర్‌ను ఆపలేని పరిస్థితిలో ఉన్నవాడు నొక్కకముందే జాగ్రత్తపడతాడు. వివరణ రాసేటప్పుడు "ఈ పేజీ", "ఇందులో", "గురించి తెలుసుకోండి" అన్న మాటలను కొట్టేసి చూడండి. మిగిలినదాంట్లో పేరుకు మించిన సమాచారం ఉంటే అది నిలుస్తుంది, లేకపోతే మళ్లీ రాయాలి. పక్కపక్కనున్న రెండు పేజీల వివరణలను కలిపి చదివినప్పుడు వాటి మధ్య తేడా తెలియాలి. విడివిడిగా బాగున్న వివరణలు పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించడం తరచుగా జరుగుతుంది.

ఈ వివరణలు ఎక్కడ ఉండాలన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. ల్యాండింగ్ పేజీలో టైప్ చేసి పెడితే, లోపలి పేజీ మారిన రోజున ఇక్కడి వివరణ పాతబడుతుంది, ఎవరికీ గుర్తుండదు. లోపలి పేజీ తన వివరణను తానే మోయాలి, ల్యాండింగ్ పేజీ దాన్ని అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2005లో ఓయాసిస్ అన్న ప్రమాణాల సంస్థ ఆమోదం పొందిన డిటా అన్న డాక్యుమెంటేషన్ ఫార్మాట్‌లో ప్రతి టాపిక్‌కూ క్లుప్త వివరణ కోసం ప్రత్యేకమైన ఎలిమెంటు ఉంది. పై టాపిక్‌ను హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చినప్పుడు కింది టాపిక్‌ల లింకులతో పాటు ఆ వివరణలు కూడా వచ్చి చేరతాయి. ఇప్పటి మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లో చిన్న గుర్తులతో రాసే పద్ధతి) ఆధారిత పరికరాల్లో, ఫైలు పైభాగంలో పేజీ వివరాలు రాసే ఫ్రంట్ మ్యాటర్‌లో డిస్క్రిప్షన్ అన్న గడి అదే పని చేస్తుంది. సైట్ సాఫ్ట్‌వేర్ తరచుగా ఆ మాటలనే మెటా డిస్క్రిప్షన్‌గానూ (పేజీ కోడ్‌లో సెర్చ్ ఇంజిన్ల కోసం ఉంచే సారాంశంగానూ) వాడుతుంది కాబట్టి, అవి సెర్చ్ ఇంజిన్ ఫలితాల్లో కనిపించే అవకాశం కూడా ఉంది.

పరికరం ఎంతవరకు చేసిపెడుతుంది

ఆటోమేటిగ్గా తయారయ్యే ల్యాండింగ్ పేజీలను పూర్తిగా నమ్మడమూ, పూర్తిగా తోసిపుచ్చడమూ రెండూ సరికావు. మొదటి పేరా, గుంపులు, వరుస మనిషే నిర్ణయించాలి. పేజీల పేర్లు, వివరణలు మాత్రం పరికరం తెచ్చిపెట్టాలి.

మార్క్‌డౌన్ ఫైళ్ల నుంచి వెబ్‌సైట్‌ను తయారుచేసే హ్యూగో అన్న పరికరంలో అండర్‌స్కోర్ గుర్తుతో మొదలయ్యే ఇండెక్స్ ఫైలు విభాగానికి ల్యాండింగ్ పేజీ అవుతుంది. ఆ అండర్‌స్కోర్‌ను మరిచిపోతే పెద్ద చిక్కే వస్తుంది: హ్యూగో ఆ ఫోల్డరును మొత్తంగా ఒకే పేజీగా పరిగణించి, అందులోని మిగిలిన మార్క్‌డౌన్ ఫైళ్లను ఆ పేజీకి అనుబంధాలుగా లెక్కవేస్తుంది; అవి విడి పేజీలుగా సైట్‌లో కనిపించవు. లోపం సందేశం కూడా రాకపోవచ్చు కాబట్టి కారణం వెంటనే తట్టదు. హ్యూగో మీద నడిచే డాక్సీ థీమ్‌లో లోపలి పేజీల జాబితా దానంతటదే వస్తుంది. మనం సొంతంగా గుంపులు రాసుకున్నప్పుడు దాన్ని ఆపేసే సెట్టింగు ఉంది, వాడకపోతే ఒకే లింకులు పేజీలో రెండుసార్లు కనిపిస్తాయి.

ఇటువంటిదే మరో పరికరమైన స్ఫింక్స్‌లో టాక్‌ట్రీ అన్న డైరెక్టివ్ (ఫైలులో రాసే ఆదేశం) లోపలి పేజీల శీర్షికలను తెస్తుంది గానీ వివరణలను తేదు. దాని లోతుకు పరిమితి పెట్టకపోతే లోపలి పేజీల ఉపశీర్షికలన్నీ వచ్చి పేజీ చాంతాడంత అవుతుంది. సైడ్‌బార్ కోసం టాక్‌ట్రీని దాచిన రూపంలో ఉంచి, పేజీలో కనిపించే లింకులను వివరణలతో సహా విడిగా రాసుకోవడం మంచి పద్ధతి. అలాంటి మరో పరికరమైన డాక్యుసారస్ కేటగిరీకి ఆటోమేటిక్ ఇండెక్స్ పేజీని తయారుచేసి లోపలి పేజీలను కార్డులుగా చూపిస్తుంది. డిస్క్రిప్షన్ ఇవ్వని పేజీకి మొదటి పంక్తిని వివరణగా తీసుకుంటుంది. ఆ మొదటి పంక్తి "ముందుగా సర్వర్‌ను ఆపండి" అన్నదైతే కార్డు మీద అదే కనిపిస్తుంది. ఎమ్‌కేడాక్స్ అన్న పరికరానికి థీమ్ అయిన మెటీరియల్ ఫర్ ఎమ్‌కేడాక్స్‌లో విభాగం పేరునే నొక్కదగిన లింకుగా మార్చి దానికి ఇండెక్స్ పేజీని జతచేసే సౌకర్యం ఉంది. దాన్ని విడిగా ఆన్ చేసుకోవాలి.

ఏమి పెట్టకూడదు

పని చేసే విధానాన్ని, అంటే దశలవారీ సూచనలను ల్యాండింగ్ పేజీలో పెట్టకూడదు. ఒక చిన్న కమాండే కదా అని పెడితే రెండు నష్టాలు. లోపలి పేజీలోనూ అదే కమాండ్ ఉంటుంది, ఒకటి మారినప్పుడు రెండోది మారదు. ఒకవేళ లోపలి పేజీలో లేకపోతే, నేరుగా లోపలి పేజీకి వచ్చినవారికి అది ఎప్పటికీ కనిపించదు. "బ్యాకప్ తీసే ఖాతాకు ఫలానా అనుమతి ఉండాలి" అన్న ముందస్తు షరతును ల్యాండింగ్ పేజీలో మాత్రమే రాసి, ప్రతి పేజీలో మళ్లీ రాయడం దేనికని వదిలేయడం ఈ తప్పుకు అత్యంత సాధారణమైన రూపం. పాఠకులు పై పేజీ చదివాకే కిందికి వస్తారన్న నమ్మకం మీద ఏ సమాచారాన్నీ ఉంచకూడదు. పైన చెప్పిన అనాథ ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాయవద్దన్నది కూడా ఇందుకే. ఎంత చిన్నదైనా దానికి సొంత పేజీయో, తగిన పేజీలో ఒక ఉపశీర్షికో కావాలి.

భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో చూపే బొమ్మకు మాత్రం ఇక్కడ చోటుంది. సర్వర్ నుంచి బ్యాకప్ ఫైలు ఎక్కడికి వెళ్తుంది, అక్కడి నుంచి రీస్టోర్ ఎలా జరుగుతుంది అన్నది ఒక్క బొమ్మలో చూపితే లింకుల పేర్లు సులభంగా అర్థమవుతాయి. బొమ్మలోని భాగాలకు వాడిన పేర్లూ, లింకుల్లోని పేర్లూ ఒకటే కావాలి.

కార్డులు, ఐకాన్లు, అందరికీ అందుబాటు

కార్డుల రూపం చూడటానికి బాగుంటుంది, కానీ తెరమీద ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆరేడు లింకుల వరకు కార్డులు సరే. అంతకు మించితే మామూలు జాబితా త్వరగా చదవవచ్చు. ప్రతి కార్డుకూ ఒక ఐకాన్ కావాలని వెతికి, బ్యాకప్‌కు ఒక గొడుగూ ఎన్‌క్రిప్షన్‌కు ఒక తాళమూ పెట్టడం వల్ల పాఠకుడికి ఒరిగేదేమీ లేదు.

కార్డు మొత్తాన్ని ఒకే లింకుగా చేస్తే స్క్రీన్ రీడర్ (తెరమీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి పేరు, వివరణ, బొమ్మ పేరు అన్నీ కలిపి ఒకే పొడవాటి లింకుగా వినిపిస్తాయి. పేరును మాత్రమే లింకుగా ఉంచి, మౌస్‌తో ఎక్కడ నొక్కినా పనిచేసేలా స్టైల్‌తో విస్తరించడం మేలు. "ఇక్కడ నొక్కండి", "మరింత చదవండి" అన్న లింకులు వద్దు. సందర్భంలో లింకు ఉద్దేశం తెలియాలన్నది వెబ్ అందుబాటు మార్గదర్శకాల్లో, అంటే డబ్ల్యూసీఏజీలో, 2.4.4 సంఖ్యగల కనీస స్థాయి నియమం. గుంపుల పేర్లను బొద్దు అక్షరాలతో సరిపెట్టకుండా నిజమైన హెడింగులుగా గుర్తించాలి, ఎందుకంటే స్క్రీన్ రీడర్ వాడేవారు చాలామంది హెడింగుల మీదుగానే పేజీలో ముందుకు కదులుతారు.

పరీక్షించడం

పేజీ సిద్ధమయ్యాక, దాన్ని రాయడంలో పాల్గొనని ఒకరికి చూపించి, మొదట్లో పోగుచేసిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఏ లింకు నొక్కుతారో చెప్పమనండి, నొక్కనివ్వకండి. రెండు లింకుల మధ్య తటపటాయిస్తే ఆ రెంటి వివరణల్లో తేడా చాలలేదని అర్థం. తప్పు లింకు చెబితే ఎందుకు అనుకున్నారో అడగండి. ఆ జవాబులో వారు వాడే మాటలు వివరణలోకి తీసుకోదగినవిగా ఉంటాయి. నలుగురైదుగురితో ఇలా చేస్తే చాలావరకు లోపాలు తేలిపోతాయి.

సైట్ గణాంకాలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. పాఠకులు ఈ పేజీలో కొద్ది క్షణాలే ఉంటున్నారని బాధపడనక్కర్లేదు, అది కోరుకోవాల్సిందే. ఇక్కడి నుంచి సైట్ సెర్చ్ పెట్టెకు వెళ్తున్నవారు ఎంతమంది, వారు ఏమి వెతుకుతున్నారు అన్నది గమనించాలి. ఏదో ఒక లోపలి పేజీకి వెళ్లి వెంటనే వెనక్కి వచ్చి, మరో పేజీకి వెళ్లడం పదేపదే కనిపిస్తే మొదటి పేజీ పేరో వివరణో తప్పుదారి పట్టిస్తోందన్నమాట.

తరువాతి సంరక్షణ

లోపలి పేజీల్లో ఏ ఒక్కటి చేరినా, తొలగినా, పేరు మారినా ల్యాండింగ్ పేజీని చూడాల్సిందే. దీన్ని రచయితల జ్ఞాపకశక్తికి వదలకుండా, మార్పును విలీనం చేసే ముందు నడిచే ఆటోమేటిక్ తనిఖీల్లో చేర్చాలి: లింకులు పనిచేస్తున్నాయా, ప్రతి పేజీకీ డిస్క్రిప్షన్ ఉందా, ల్యాండింగ్ పేజీ నుంచి చేరుకోలేని పేజీ ఏదైనా ఉందా. ఏ టాక్‌ట్రీలోనూ లేని పేజీ గురించి స్ఫింక్స్ తానే హెచ్చరిక ఇస్తుంది. సైట్‌ను తయారుచేసే బిల్డ్‌లో హెచ్చరికలను లోపాలుగా పరిగణించేలా పెట్టుకుంటే దాన్ని ఎవరూ దాటవేయలేరు. మొదటి పేరాను మాత్రం యంత్రం తనిఖీ చేయలేదు. ప్రతి పెద్ద విడుదలకు ముందు ఆ పేరాను చదివి, "రెండు విధాలుగా" అన్న మాట ఇంకా నిజమేనా అని చూసే బాధ్యత ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి.

విభాగం బాగా పెరిగి రెండుగా విడిపోయినప్పుడు పాత చిరునామాను ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. పేరు మాత్రమే మారితే 301 శాశ్వత మళ్లింపు చాలు. బ్యాకప్ ఒక విభాగంగా, రీస్టోర్ మరో విభాగంగా విడిపోతే మాత్రం పాత చిరునామాను ఏదో ఒకవైపు మళ్లించడం వల్ల సగంమంది తప్పు చోటికి చేరతారు. అప్పుడు పాత పేజీని తీసేయకుండా, రెండు వాక్యాలు, రెండు లింకులతో కుదించి ఉంచడమే సరైన పని. ఇతర సైట్లలోనూ, పాత ఈమెయిళ్లలోనూ, ఇప్పటికీ వాడకంలో ఉన్న పాత వెర్షన్ల సహాయం బటన్లలోనూ ఆ చిరునామా ఇంకా చాలాకాలం మిగిలే ఉంటుంది.